రెండో చివర

గణపతిరావు తన యంత్రంతో మొదట కోసింది ఒక టమాటాని. కోసిన సంగతి టమాటాకి తెలియలేదు. బల్ల మీద అలాగే గుండ్రంగా, చుక్క రసం కారకుండా ఉండిపోయింది. చేత్తో పట్టుకుని కాస్త పక్కకి తోస్తే తప్ప రెండు ముక్కలన్న సంగతి బయటపడలేదు. రెండో టమాటాని కోసి, ముట్టుకోకుండా అరగంట వదిలేశాడు. తర్వాత ఎంత తోసినా అది విడిపోలేదు. అతుక్కుపోయింది.

ఆ సాయంత్రం భార్యని ప్రయోగశాలకి తీసుకొచ్చి చూపించాడు. విజయనగరం దాటాక కొండ కింద ఉన్న పరిశోధన సంస్థ అది. పక్కనే దానికి చెందిన ఆసుపత్రి ఉంది. హైమావతి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. యంత్రానికి రెండు మొనలున్నాయి. ఒక్కో మొన ఒక్కో బిందువుని పట్టుకుంటుంది. ఆ రెండు బిందువుల మధ్యా ఒక గీత పుడుతుంది. కంటికి కనపడదు. దానికి పొడవే తప్ప మందం లేదు.

"నేను బోర్డు మీద గీసేది గీత కాదండీ, గీత బొమ్మ," అంది హైమావతి, ఏమీ లేనట్టు కనిపిస్తున్న ఆ చోటుకేసి చూస్తూ. "సుద్దముక్కకి మందం ఉంటాది కదా. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి అదే చెప్తన్నాను. అసలు గీత ఎవరూ చూడలేరర్రా, ఊహించుకోండీ అని."

"ఇప్పుడు ఊహించుకోనక్కర్లేదు."

"రెండు చివర్లూ పట్టుకున్నారు కాబట్టి ఇది రేఖాఖండం. ఒక చివర జారిపోతేనో?"

"జారదు. జారినా గీతే ఆరిపోతాది."

చిన్న జవాబే, నమ్మకంగానే చెప్పాడు. కానీ దాన్ని పరీక్షించి చూడలేదు. చూడాలని తోచలేదు కూడా.

ఆ ఏడాది చివర్లో హైమావతికి తలనొప్పులు మొదలయ్యాయి. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయేది. స్కానింగులో ఎడమ కనుబొమకి వెనక, బాగా లోపల, రేగుపండంత గడ్డ కనిపించింది. సంస్థ ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్ జుబేదా ఫిల్ములు చాలాసేపు చూసింది. కత్తితో అక్కడిదాకా వెళ్తే దారిలో మాట పోతుంది, చూపు పోవచ్చు అని దాచకుండా చెప్పింది.

"నా గీతతో చెయ్యండి మేడమ్," అన్నాడు గణపతిరావు.

"మనిషి మీద ఇంతవరకూ చెయ్యలేదు రావుగారూ."

"కుందేళ్ల మీద చేశాం. అరవై కుందేళ్లు. ఒక్కటి కూడా పోలేదు."

జుబేదా వారం రోజులు ఒప్పుకోలేదు. అతను రోజూ వెళ్లి ఆమె గది ముందు కూర్చున్నాడు. కుందేళ్లకి రెండు మొనలూ బయటే ఉండేవి. ఇక్కడ మాత్రం గడ్డ వెనక సూదితో మొదటి బిందువుని నాటుతారు. రెండో బిందువు బయట యంత్రం చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి తిరిగితే గీత గడ్డ చుట్టూ తిరిగి దాన్ని వేరుచేస్తుంది. సన్నని గొట్టంతో గడ్డని లాగేస్తే చాలు. గీత కోసిన చోట సందు ఉండదు. మనిషి అరగంట కదలకుండా ఉంటే అంతా అతుక్కుంటుంది. ఇవన్నీ కాగితం మీద బొమ్మలు వేసి చెప్పాడు. చివరికి ఆమెను ఒప్పించింది హైమావతే.

"మాట పోయాక టీచరు దేనికి డాక్టరు గారూ," అని సంతకం పెట్టేసింది.

ఆపరేషను పొద్దున తొమ్మిదింటికి మొదలైంది. పదకొండున్నరకి గడ్డ చిన్న గాజుసీసాలో ఉంది. గణపతిరావు యంత్రం ఆపాడు. రెండో మొన వదిలేసింది. మత్తులో ఉన్న హైమావతి ముఖం ప్రశాంతంగా ఉంది. అరగంట ఆగి ఆమెను స్ట్రెచర్ మీదకి మార్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కింది వరండాలోంచి వార్డుకి తోసుకెళ్లారు.

అతను వెనకే ఉండి పరికరాలు సర్దుతున్నాడు. పొడవు చూపే మీటరు మీద కన్ను పడింది. గీత ఆరిపోతే ముల్లు సున్నా దగ్గర ఉండాలి. అది ఆ పక్కకి, ఇంకెటూ పోలేనంత దూరం పోయి ఆనుకుని ఉంది. మీటరు పాడైందనుకున్నాడు. వేలితో తట్టాడు. ముల్లు కదలలేదు.

అప్పుడే పై అంతస్తులో కేకలు వినబడ్డాయి.

"ఆపండి!" అంటూ వరండాలోకి పరుగెత్తాడు. "స్ట్రెచర్ ఆపండి! తోయకండి!"

హైమావతి తల పక్కన మోకాళ్ల మీద పడి రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకున్నాడు. జుబేదా వచ్చేసరికి అతను నుదుటి పైనున్న ఖాళీని కళ్లతో చూపించాడు. ఆమె ఒక కాగితం తీసుకుని హైమావతి నుదుటికి జానెడు పైన మెల్లగా అటునుంచి ఇటు జరిపింది. కాగితం రెండు ముక్కలై ఒక ముక్క నేలమీద పడింది.

గీత ఆరిపోలేదు. ఒక చివర హైమావతి తలలో ఉంది. రెండో చివర ఎక్కడా లేదు. కనుబొమ పైనుంచి బయల్దేరి, కప్పు దాటి, పై అంతస్తు దాటి, ఆకాశంలోకి నిలువుగా పోతూనే ఉంది. స్ట్రెచర్ నడిచిన ముప్పై గజాలూ అది పైనున్న వార్డుని కోసుకుంటూ పోయింది.

పైన ముగ్గురు పోయారు. డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరుతున్న నర్సు ఎస్తేరు, కాన్పుకొచ్చిన తవిటమ్మ అనే అమ్మాయి, కూతురికి గంజి తెచ్చిన ఆమె తల్లి. గీత తగిలినప్పుడు ముగ్గురికీ నొప్పి తెలిసి ఉండదు. అడుగు తీసి అడుగు వేశారు, అంతే. ఎక్కడివాళ్లు అక్కడ అరగంట నిలబడిపోయి ఉంటే ముగ్గురూ బతికేవాళ్లు. ఆ సంగతి వాళ్లకి చెప్పాల్సినవాడు ఒక్కడే. అతను కింద భార్య తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మత్తు దిగడానికి మూడు గంటలు పట్టింది. మత్తు దిగేవాళ్లు తల అటూ ఇటూ తిప్పుతారు. పక్కకి తిప్పితే గీత గోడల్లోంచి, వీధిలోంచి, ఊళ్లోంచి పోతుంది. ఇంకా మత్తిస్తే గుండె ఆగుతుందని జుబేదా చెప్పింది. గణపతిరావు చేతులు తిమ్మిరెక్కాయి. మోచేతులు స్ట్రెచర్ ఇనుముకి ఆనించి అలాగే పట్టుకున్నాడు. సంస్థ వర్క్‌షాపు నుంచి మనుషులొచ్చి ఇనుప చట్రం బిగిస్తుండగా హైమావతి కళ్లు తెరిచింది.

"హైమా, కదలకు. నేనే."

"దాహం."

"ఇస్తాను. తల తిప్పకు. కుట్లున్నాయి."

మర్నాటి దాకా ఆమె ఏమీ అడగలేదు. చట్రంలో, వరండా మధ్యలో, కప్పుని చూస్తూ పడుకుంది. ఎవరూ ఆమె మీదుగా చెయ్యి చాపడం లేదు. స్పూనుతో నీళ్లు పోసేవాళ్లు కూడా చెవి పక్కనుంచి పోస్తున్నారు. పైన అడుగుల చప్పుడు లేదు.

"ఏమండీ," అంది మధ్యాహ్నం. "గీతతో కోసినదానికి కుట్లెందుకు?"

అతను చట్రం బిగింపు మళ్లీ సరిచూశాడు.

"రెండో చివర జారిపోయింది కదూ."

"ఊఁ."

"నేనిప్పుడు వరండాలో ఉన్నాను. ఆపరేషను గదిలోంచి ఇక్కడికి ఎంత దూరం?"

"హైమా, ఇప్పుడవన్నీ ఎందుకు..."

"ఎంత?"

"ముప్పై గజాలు."

ఆమె కళ్లు కప్పు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా జరిగాయి. గీత కదిలితే తలం అవుతుందని ఆమె ఎన్ని వందల మందికి చెప్పి ఉంటుందో.

"పైన ఏం వార్డు?" అని అడిగింది.

"కాన్పుల వార్డు."

"ఎంతమంది?"

"ముగ్గురు."

"పేర్లు చెప్పండి," అంది. చెప్పాడు. ఆమె చెంపల మీదుగా నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి తల తిప్పలేదు. అతను పక్కనుంచి గుడ్డతో అద్దాడు.

ఢిల్లీ నుంచి మనుషులొచ్చారు. వాళ్ల భయం వేరు. భూమి తిరుగుతుంటే దానితోపాటు ఒకే చివర ఉన్న ఆ గీత, లెక్కల భాషలో ఆ కిరణం, కూడా తిరిగి రోజుకొకసారి ఆకాశాన్ని దువ్వేస్తోంది. చంద్రుడి మీది స్థావరంలో పదకొండు మంది పనిచేస్తున్నారు. మరో పన్నెండు రోజుల్లో చంద్రుడు సరిగ్గా ఆ దారిలోకి వస్తాడు. ఈలోగా ఏదో ఒకటి చెయ్యాలి. ఏదో ఒకటి అంటే ఏమిటో వాళ్లు పైకి అనలేదు. గణపతిరావుకి అర్థమైంది.

"ఆవిడ్ని చంపితే పోదు," అన్నాడు. "ఆ బిందువు ఆవిడ ప్రాణంలో లేదు, మాంసంలో ఉంది."

దారి చూపింది హైమావతే. జుబేదాని పిలిచి చెప్పింది.

"ఆకాశంలో తిరగని చోటు ఒక్కటే డాక్టరు గారూ. ధ్రువ నక్షత్రం. నా కిరణాన్ని భూమి అక్షానికి సమాంతరంగా పెడితే భూమి ఎంత తిరిగినా అది ఇంకో దిక్కుకి పోదు. మన ఊరు పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఉత్తరానికి తిరిగి, పద్దెనిమిది డిగ్రీలు పైకి చూస్తూ కూచుంటే చాలు. పడుకోనక్కర్లేదు కూడా."

ఇప్పుడు నిలువుగా ఉంది కాబట్టి వంచాల్సింది డెబ్భై రెండు డిగ్రీలు. వంచేటప్పుడు చంద్రుడు అడ్డు రాని ఘడియ కూడా ఆమే లెక్క కట్టింది. గణపతిరావు పక్కన కూర్చుని ఆమె చెప్పిన అంకెలు రాసుకున్నాడు.

ఊరి బయట, ఉత్తరం వైపు ఇళ్లులేని గుట్ట మీద ఒక గది కట్టారు. పదకొండో రోజు పొద్దున ఆమెను అక్కడికి తీసుకెళ్లారు. లారీ మీద, చట్రంతో సహా, నడిచే మనిషి వేగంతో. దారిలో కరెంటు తీగలు ముందే విప్పేశారు. చెట్ల కొమ్మల కింద నుంచి వెళ్లినప్పుడల్లా ఆకులు రాలాయి. ఒకచోట కొంగ ఒకటి లారీ పక్కన దబ్బున పడింది. హైమావతి ఏమిటని అడగలేదు. గుట్ట మీద, ఆకాశంలో విమానాలన్నీ ఆపించాక, స్క్రూ మీద స్క్రూ తిప్పుతూ ఆమె తలని పదకొండు నిమిషాల్లో ఉత్తరానికి వంచారు. చట్రాన్ని రాతికి బిగించారు. ఆ రాత్రి చంద్రుడు మామూలుగానే పైకొచ్చాడు. పేపర్లలో హైమావతి ఫొటో వేసి మెచ్చుకున్నారు.

ఇక ఆమె బతుకు ఆ కుర్చీలోనే. ముందు గోడ లేదు, కిటికీ లేదు, ఖాళీ. ఎవరూ ఎదురుగా వచ్చి నిలబడకుండా రెండు ఫర్లాంగుల దాకా కంచె వేశారు. ఒక్క డిగ్రీ కదిలితే విమానాలు తిరిగే పది కిలోమీటర్ల దూరంలో అది నూట డెబ్భై అయిదు మీటర్లు. చంద్రుడంత దూరంలో ఆరువేల ఏడువందల కిలోమీటర్లు. అందుకని తుమ్ము రాకుండా మందులిచ్చేవారు. నవ్వు వస్తుందేమోనని రేడియోలో హాస్య నాటికలు పెట్టేవారు కాదు.

కూతురు ప్రణీత ఆరో తరగతి. బడి నుంచి వచ్చి అమ్మ కుర్చీ వెనక చాప వేసుకుని కూర్చునేది. పక్కన ఒక అద్దం పెట్టారు, అమ్మ కళ్లు తిప్పితే కూతురి ముఖం కనబడేలా. ఒక రోజు ప్రణీత లెక్కల పుస్తకం పైకి చదువుతోంది.

"రేఖాఖండానికి రెండు చివరి బిందువులు ఉంటాయి. సరళరేఖకు చివరి బిందువులు ఉండవు. కిరణం అనగా..."

ఆగిపోయింది.

"చదువమ్మా."

"చదవను."

"పరీక్షలో వస్తాది. చదువు."

"కిరణం అనగా ఒక బిందువు వద్ద మొదలై ఒకే దిశలో..." ప్రణీత పుస్తకం మూసేసింది. "అమ్మా, దీనికి చివర పెట్టలేరా ఎవరూ?"

హైమావతి పుస్తకం మళ్లీ తెరిపించి ఆ మూడు వాక్యాలూ ఇంకోసారి చదివించుకుంది. భర్త రాగానే చెప్పింది.

"మనం రెండో చివర కోసం వెతుకుతున్నాం. అది దొరకదు. కిరణం మీద ఎక్కడైనా ఒక బిందువు పెడితే ఏమవుతాది? అది రెండవుతాది. ఈ బిందువు నుంచి నా తలదాకా ఒక ఖండం. ఆ బిందువు నుంచి అవతలికి ఇంకో కిరణం. నా తలకి జానెడు ముందు మీ యంత్రం మొన పెట్టండి. నా వైపు ముక్కని ఆర్పేయండి. మిగతా కిరణాన్ని యంత్రమే మోసుకోనీండి. దాన్ని ఈ రాతికే బిగించేద్దాం."

గణపతిరావు ఆ రాత్రే పనిలో దిగాడు. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో అతనంత హుషారుగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ప్రణీత తాత ఊరికి ఫోన్ చేసి అమ్మ ఇంటికొచ్చేస్తుందని చెప్పింది. కొత్త మొన చేయడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదటిసారి ఏమీ జరగలేదు. మొన బిందువుని పట్టుకుంది. కానీ గీత ఆ బిందువులోంచి ఏమీ ఎరగనట్టు సాగిపోయింది. రెండోసారీ అంతే. గీత పుట్టేటప్పుడే దానికి చివరలు ఇవ్వాలి. పుట్టాక దాని మీద ఎన్ని బిందువులు పెట్టినా అవి దారిలో బిందువులే అవుతాయి, చివర కావు. ఈ సంగతి గణపతిరావుకి మూడోసారికే అర్థమైంది. కానీ మొన బలం పెంచితే ఏమైనా అవుతుందేమోనని ఇంకా ప్రయత్నించాడు.

మొన లాగిన ప్రతిసారీ తలలోని బిందువు వెంట్రుకవాసి కదిలేది. నాలుగోసారి తర్వాత హైమావతి కుడిచెయ్యి పడిపోయింది. అయిదోసారి తర్వాత మాటలు పోవడం మొదలుపెట్టాయి.

"అదేటది, మూడు... మూడు మూలలది," అంది ఒక సాయంత్రం కూతురికి లెక్క చెబుతూ.

"త్రిభుజం అమ్మా."

"అదే."

ఆరోసారి తర్వాత ప్రణీత బడి నుంచి వచ్చి కూర్చుంది. హైమావతి అద్దంలో ఆమెను చూసి నవ్వింది. పిలవబోయి ఆగిపోయింది. మళ్లీ నోరు తెరిచింది. "తల్లీ," అంది చివరికి. ఆ రోజు నుంచి ఎప్పుడూ తల్లీ అనే పిలిచింది. ఎందుకో ప్రణీతకి తెలుసు. గణపతిరావుకీ తెలుసు.

ఏడోసారికి జుబేదా రాలేదు. కబురు పంపితే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంక నేను చెయ్యను రావుగారూ. మీరు చేస్తానన్నా చెయ్యనివ్వను. మొదట్లోనే ఈ మాట అనాల్సింది. అప్పుడు అనలేకపోయాను."

"ఇంకొక్కసారి మేడమ్. బలం ఇంకొంచెం..."

"ఆపండి," అంది హైమావతి కుర్చీలోంచి. మాట ముద్దగా వచ్చింది. "నన్ను ఉండనీండి. ఉన్నంత."

గణపతిరావు యంత్రాన్ని గుట్ట దింపించేశాడు. ప్రయోగశాలకి వెళ్లడం మానేశాడు. భార్యకి అన్నం మెత్తగా పిసికి పక్కనుంచి తినిపించడం, వీపుకి పుండ్లు పడకుండా నూనె రాయడం, ఇదే పని. అప్పుడప్పుడు ఇతర దేశాల నుంచి ఉత్తరాలు వచ్చేవి. యంత్రం కొలతలు పంపమని. అన్నిటికీ ఒకటే జవాబు రాశాడు, వద్దు అని. కానీ కొలతలన్నీ ఆపరేషనుకి ముందే పత్రికల్లో అచ్చయిపోయి ఉన్నాయి. అతనే ఎంతో సంబరంగా పంపాడు. రెండో ఏడు ఒక దేశం సరిహద్దులో కొండ ఒకటి కోసినట్టు రెండుగా విడిపోయిందని వార్త వచ్చింది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో అందులో లేదు. అతను పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. హైమావతికి చెప్పలేదు.

మూడో ఏడు వానాకాలంలో ఆమె ఛాతీలో కఫం పట్టింది. దగ్గకూడదు. దగ్గకపోతే కఫం బయటికి రాదు. చట్రాన్ని ఇంకా గట్టిగా బిగించారు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె ఒళ్లంతా ఎగిరిపడేది, తల మాత్రం కదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం వాన వెలిశాక అతన్ని దగ్గరికి రమ్మంది.

"నన్ను కాల్చకండి."

"ఆ మాటలొద్దు హైమా."

"వినండి. కాలిస్తే బూడిదవుతాది. ఆ బిందువు ఏ రేణువులో ఉంటాదో తెలీదు. గాలికి ఎగిరితే..." ఊపిరి అందక ఆగింది. "పాతిపెట్టొద్దు కూడా. మట్టి కుంగుతాది. ఇలాగే, ఇక్కడే. కదలకుండా."

"అలాగే."

"తల్లి ముఖం ఒక్కసారి నేరుగా చూడాలని ఉంది. అద్దంలో కాదు."

గణపతిరావు కూతురిని పిలిచాడు. ఎదురుగా నిలబడ్డానికి లేదు. ప్రణీత కుర్చీ పక్కగా మోకాళ్ల మీద కూర్చుని, తల వీలైనంత ముందుకి చాపింది. కిరణం అమ్మ కనుబొమ పైనుంచి పోతోంది. ప్రణీత జుట్టుకీ దానికీ నాలుగు వేళ్ల దూరం. తండ్రి ఆమె భుజాలు గట్టిగా పట్టుకున్నాడు. హైమావతి కళ్లు ఎంత తిరగగలవో అంత తిరిగాయి. కూతురి చెంప, చెవి, కంటి కొస మాత్రం కనబడ్డాయి.

"పెద్దదయ్యావు," అంది.

నాలుగో రోజు పొద్దున ఆమె ఊపిరి ఆగిపోయింది. తల ఉత్తరానికి, పద్దెనిమిది డిగ్రీలు పైకి, అలాగే ఉంది. జుబేదా నాడి చూసి, కాగితం ముక్క తీసి, నుదుటి ముందు జరిపింది. కాగితం తెగింది. ప్రణీత బయటికి పరుగెత్తి గోడకి ముఖం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే సిమెంటు పని మొదలుపెట్టాలి. శరీరం మెత్తబడితే బిందువు జారుతుంది. మేస్త్రీ అప్పన్న నలుగురు మనుషులతో వచ్చాడు. చట్రం చుట్టూ ఊచలు కట్టారు, పలకలు బిగించారు. అప్పన్న ముందు ఆమె పాదాలకి దండం పెట్టి, తర్వాత తట్ట ఎత్తాడు. వాళ్ల పిల్లలకి ఆమే లెక్కలు చెప్పింది. సిమెంటు మోకాళ్ల దాకా, నడుము దాకా, గొంతు దాకా వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చాక అప్పన్న ఆగి వెనక్కి చూశాడు.

గణపతిరావు ముందుకొచ్చాడు. తాపీ తీసుకుని మిగిలింది తనే వేశాడు. చెవుల దగ్గర నెమ్మదిగా వేశాడు. నుదుటి మీద వేసేటప్పుడు చెయ్యి అడ్డం రాకుండా పక్కనుంచి వేశాడు. ఆ సిమెంటులోంచి కూడా కిరణం పోతూనే ఉంటుందని అతనికి తెలుసు.

పని అయ్యాక అప్పన్న చేతులు కడుక్కుని దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఇది ఎన్నాళ్లుండాలి?"

గణపతిరావు అర్థం కానట్టు చూశాడు.

"అంటే, కదలకుండా ఎన్నేళ్లుండాలని. పైన ఇంకో పొర వేయాలా వద్దా అని అడుగుతున్నాను."

"ఎప్పటికీ ఉండాలి అప్పన్నా."

అప్పన్న తడి సిమెంటుకేసి చూశాడు. ఆయన నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడు. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"సిమెంటు అరవై ఏళ్లుంటాది బాబూ," అన్నాడు. "ఊచలకి తుప్పు పట్టకపోతే ఎనభై."

గణపతిరావు తలూపాడు. గోడ దగ్గర ఉన్న కూతురికేసి చూశాడు. ఆమెకి పధ్నాలుగేళ్లు.

"వెయ్యి," అన్నాడు. "ఇంకో పొర వెయ్యి."